నేను జమ్మి కాదన్న చెట్టు

డర్బన్‌లో నేను పనిచేసిన విశ్వవిద్యాలయంలో ఎండిన మొక్కల్ని దాచే హెర్బేరియంలో, పచ్చ ఇనుప బీరువాలో, ఎర్ర అంచున్న అట్టల మధ్య ఒక కాగితం ఉంది. దాని మీద ఎండిన కొమ్మ అంటించి ఉంటుంది. కింద కుడిమూల లేబుల్. లేబుల్ మీద ‘సేకరించినవారు’ అన్నచోట నా పేరుంది, డాక్టర్ మృదుల అని. అది అబద్ధం. ఆ కొమ్మ కోసినప్పుడు నేను చెట్టు కింద నిలబడి దోమలు కొట్టుకుంటున్నాను. కోసింది కెస్సీ నాయుడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఇన్నాళ్ళూ రాయనిది తీరిక లేక కాదు, మొహం చెల్లక.

కెస్సీ ఇల్లు డర్బన్ శివారు అవోకాలో. వాళ్ళ తాత అనకాపల్లి వైపు ఏదో పల్లె నుంచి చెరుకు కొట్టడానికి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చాడు. ఆ పల్లె పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తండ్రి కూడా ఆ చెరుకుతోటలోనే పోయాడు. కెస్సీ చిన్నప్పుడు కొన్నాళ్ళు తోటపని చేసి, తర్వాత మా యూనివర్సిటీలో నేల తుడిచే పనికి చేరాడు. తుడుస్తూ తుడుస్తూ, ఎండిన మొక్కల్ని కాగితాల మీద ఎలా అంటిస్తారో చూసి నేర్చుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఆ పనిలో ఇరవయ్యేడేళ్ళు నిండాయి. అద్దం పలక మీద బ్రష్షుతో జిగురు పూసి, మొక్కని దానిమీద ఒక్క క్షణం ఆనించి, ఎత్తి కాగితం మీద పెట్టేవాడు. ఇక కదిపే పని ఉండేది కాదు. లావుపాటి కాడల్ని నారదారంతో కుట్టేవాడు. రాలిపోయిన గింజనీ, ఊడిన ఆకునీ ఓ కాగితపు పొట్లంలో పెట్టి షీటు పైమూల అంటించేవాడు. “రాలిందీ చెట్టుదే గదా” అనేవాడు.

నేను వాల్తేరు నుంచి తొంభై నాలుగు జూలైలో వెళ్ళాను. ఏప్రిల్లోనే అన్ని రంగులవాళ్ళూ ఓటేసిన మొదటి ఎన్నికలు అయ్యాయి. కెస్సీ యాభై తొమ్మిదో ఏట మొదటిసారి ఓటేసి వచ్చాడు. అంతకు ముందు పదేళ్ళ క్రితం ఇండియన్లకంటూ విడిగా ఓ సభ పెట్టి ఓటిచ్చారట, ఆ ఓటు నాకొద్దని వెయ్యలేదు. అంతవరకూ అతని ఉద్యోగం పేరు ‘హెర్బేరియం బాయ్’. ఆ జూలైలోనే ఆ పేరు మార్చి తలుపు మీద ‘మిస్టర్ నాయుడు’ అని కొత్త పలక కొట్టారు. హెర్బేరియం పెద్ద బెరిల్, ముప్ఫయ్యేళ్ళుగా కెస్సీ అని పిలిచిన తెల్లావిడ, నాలుక తిప్పుకుని తిప్పుకుని మిస్టర్ నాయుడు అనడం నేర్చుకుంటోంది. సరిగ్గా అప్పుడు తగుదునమ్మా అని నేను దిగాను. మా యూనివర్సిటీలో అటెండర్ని పిలిచినట్టు “ఏమోయ్ కెస్సీ, టీ తెచ్చిపెట్టు” అన్నాను. ఆయన నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద. టీ తెచ్చిపెట్టాడు.

ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. నాతో మాత్రం, నేను వద్దన్నా, తాత దగ్గర మిగిలిన నాలుగు తెలుగు ముక్కలూ పోగుచేసుకుని తెలుగులో మాట్లాడేవాడు. ఆ తెలుగులో ‘మీరు’ లేదు. అందరూ నువ్వే. నేనాయన్ని నువ్వంటే తప్పు లేదుగాని, ఆయన నన్ను నువ్వంటే నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నా పేరు విని మోసపోకండి.

అక్టోబరులో ఓ రోజు జిగురు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“డాక్టరమ్మా, ఆదివారం దసరాకి మా జమ్మికాడికి వొస్తావా? మావోళ్ళందరూ వొస్తారు. ఇండియా మనిషి ఎప్పుడూ రాలేదు అక్కడికి.”

ఈ దేశంలో జమ్మి ఎక్కడుంటుంది, చూద్దామని వెళ్ళాను. అవోకా నుంచి గంటన్నర దారి. చెరుకుతోటలు దాటి, కొండచరియ దిగితే ఓ ఇరుకు లోయ, అడుగున వాగు, పగలే చీకటిగా ఉండే తడి అడవి. అయిదు కుటుంబాలు, ఓ పద్దెనిమిది మంది. కెస్సీ భార్య సరస్ పులిహోర డబ్బా చంకన పెట్టుకుని నాకంటే ముందు దిగింది. వాగొడ్డున తాటిచెట్టంత ఎత్తున, బూడిదరంగు బెరడుతో ఉందా చెట్టు. మొదలు చుట్టూ పాత దారాలు. కొన్ని బెరడులో కూరుకుపోయి ఉన్నాయి.

ఇంటికొకరు చిన్న కాగితం మీద ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ రాసి, మడిచి, దారంతో చెట్టుకి కట్టారు. మన దగ్గరా కడతారుగా. ఆ కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ళ పాపం జమ్మి తీసేసుకుంటుందని నమ్మకం. కెస్సీ శ్లోకం చదివాడు. సగం మాటలు అరిగిపోయి అర్థం తెలియకుండా ఉన్నాయి, రాగం మాత్రం మా అమ్మమ్మ చదివిందే. మూడుసార్లు చుట్టూ తిరిగారు. తర్వాత ఆకు తుంచి పెద్దల చేతుల్లో బంగారమని పెట్టి కాళ్ళకి మొక్కారు. సరస్ నా చేతిలో ఓ చిన్న కొమ్మ పెట్టింది.

“బంగారం తల్లీ. ఇండియాలో ఇదేనా?”

ఊరుకోవచ్చు కదా. నోరా వీపుకు తేకే అని ఊరికే అనలేదు పెద్దలు.

“ఇది జమ్మి కాదు” అన్నాను. అంతటితో ఆగానా? జమ్మికి ముళ్ళుంటాయి, మెట్టనేలలో పెరుగుతుంది, ఇంత తడిలో బతకనే బతకదు అని క్లాసులో చెప్పినట్టు పాఠం చెప్పాను. “ఏదో అడవిచెట్టుకి నూరేళ్ళుగా మొక్కుతున్నారు మీరు” అన్నాను. నవ్వాను కూడా.

కెస్సీ చెట్టువైపు చూశాడు.

“మరి తాత జమ్మే అన్నాడే” అన్నాడు.

“మీ తాతకేం తెలుసు? ఆకు కాస్త అలా కనిపించి ఉంటుంది.”

వాళ్ళలో అందరికన్నా పెద్దవాడు డొరసామి, కెస్సీకి పెదనాన్న కొడుకు. “ఇండియా మనిషి సెప్పినాక ఇంకేముంది” అని, అప్పుడే కట్టిన తన కాగితాన్ని విప్పి జేబులో పెట్టుకున్నాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు విప్పారు. కెస్సీ విప్పలేదు. పులిహోర ఎవరూ సరిగ్గా తినలేదు. ఎవరో స్వీట్లు పంచారు, నేను రెండు తిన్నాను, దారిలో కునుకు కూడా తీశాను. అంత నిబ్బరం ఆ రోజు నాకు.

రెండు వారాల తర్వాత హ్యాండ్‌బ్యాగులో డైరీ తీస్తే ఆ కొమ్మ కిందపడింది. పారెయ్యబోతూ, అలవాటు కొద్దీ లెన్సు కింద పెట్టాను. కాడ మొదట్లో, నేననుకున్న అడవిచెట్టు జాతిలో ఉండకూడని చోట, ఓ చిన్న గ్రంథి ఉంది. బీరువాలన్నీ వెతికాను. పుస్తకాలన్నీ తిరగేశాను. ఏ వర్ణనకీ సరిపోలేదు. బెరిల్ చేతికిచ్చాను. ఆవిడ మూడు రోజులు చూసి, కళ్ళద్దాలు తీసి, “మృదులా, దీనికింకా పేరు లేదు” అంది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతో. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు బతుకంతా కలగనేది అదే కదా, ఎవరూ పేరు పెట్టని చెట్టు. ఆ చెట్టు చుట్టూ తిరిగిన పద్దెనిమిది మందిలో ఒక్కరు కూడా అప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

కొత్త జాతి అని నిరూపించాలంటే పువ్వు కావాలి, కాయ కావాలి. అవి చిటారు కొమ్మల్లో ఉంటాయి. కెస్సీని అడగక తప్పలేదు.

“పూస్తాది. క్రిస్‌మస్ దాటినాక పది రోజులు పూస్తాది. నేను తెస్తా.”

ఆయనకి చేపలు పట్టే అలవాటుంది. గేలం తాడుకి సీసం గుండు కట్టి విసిరితే, అనుకున్న కొమ్మ మీంచి దాటి అవతల పడేది. ఆ సన్నతాడుతో లావుతాడు పైకి లాగి, దానికి కట్టిన రంపపు తీగతో కొమ్మ కోసేవాడు. డిసెంబరంతా ఆదివారాలు ఒక్కడే వెళ్ళి మొగ్గలు చూసొచ్చాడు. జనవరిలో నన్ను తీసుకెళ్ళాడు. నేను దోమలు కొట్టుకున్నది అప్పుడే. ఆయన మూడోసారి విసిరేసరికి కొమ్మ చిక్కింది, తెల్లటి పూలు నా మీద రాలాయి.

ఆ కొమ్మని ఇద్దరం న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, మొక్కల్ని అణిచి ఎండబెట్టే చెక్క ప్రెస్ బిగిస్తున్నప్పుడు అడిగాడు.

“డాక్టరమ్మా, బుక్కులో జమ్మి అని రాస్తావా? మావోళ్ళు దీన్ని జమ్మి అంటారని. ఒక్క మాట సాలు.”

“ఎందుకు?”

“వొచ్చే దసరాకి ఎవరూ రామంటన్నారు. ఇండియా డాక్టరు కాదన్నాది గదా. బుక్కులో ఉంటే వొస్తారు.”

జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. అడిగేటప్పుడు కూడా ప్రెస్ బెల్టు వైపు చూస్తూ అడిగాడు.

“చూద్దాంలే కెస్సీ” అన్నాను.

చూడలేదు. మేలో కాయలు కూడా తెచ్చిపెట్టాడు. నేను వర్ణన రాశాను. అప్పట్లో అది లాటిన్లో రాస్తేనే చెల్లేది, బెరిల్ దిద్దిపెట్టింది. ‘స్థానిక నామాలు, ఉపయోగాలు’ అనే చోట కలం ఆగింది. ఆఫ్రికా అడవిచెట్టుకి జమ్మి అని రాస్తే వాల్తేరులో మా వాళ్ళు ఏమంటారు? మృదులకి జమ్మి కూడా తెలియదని నవ్వరూ? ‘తెలియవు’ అని రాశాను. దారాలు బెరడులోకి కూరుకుపోయిన చెట్టుకి, తెలియవు అని. జాతి పేరుగా వాల్తేరులో మా పీహెచ్‌డీ గైడు గారి పేరు పెట్టాను. ఆయన ఆ చెట్టునీ చూడలేదు, ఆఫ్రికానీ చూడలేదు. రీడరు పోస్టుకి ఆయన మాట కావాలి, అదీ సంగతి. ఒకసారి అచ్చయ్యాక ఆ పేరు మార్చడానికి లేదు. మా శాస్త్రంలో నియమం అది.

సేకరించినవారి పేరు రాసేటప్పుడు బెరిల్ అడిగింది, “మిస్టర్ నాయుడు పేరు?” అని.

“ఆయన స్టాఫ్ కదా, అది ఆయన డ్యూటీ” అన్నాను.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఓసారి చూసి తన పని చేసుకుంది. నియమాలు తు.చ. తప్పని మనిషి ఆవిడ. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

ఒక కొత్త జాతికి ఏ కాగితం సాక్ష్యమో, ఆ మూల నమూనాని షీటు మీద అంటించేది ఎవరు? కెస్సీయే. అంత శ్రద్ధగా ఆయన దేన్నీ అంటించగా నేను చూడలేదు. పువ్వులు ఒకవైపు, ఆకు వెనుక భాగం కనిపించేలా ఒక రెమ్మ తిప్పి, కాయ విడిగా కుట్టి పెట్టాడు. మూడు గింజలు పొట్లంలో పెట్టాడు. ఆఖర్న లేబుల్ తీసుకుని వెలుతురుకి పెట్టి చదివాడు. రెండుసార్లు చదివాడు.

“జమ్మి?” అన్నాడు.

“స్థలం సరిపోలేదు” అన్నాను.

లేబుల్ కింద సగం ఖాళీగా ఉంది. ఇద్దరం ఆ ఖాళీ వైపే చూశాం.

“యెబో, సిన్న కాగితం” అన్నాడు. యెబో అంటే జూలూలో అవును. వెనక జిగురు పూసి, సరిగ్గా మూలకి కుదిర్చి, గుడ్డతో అద్దాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియకపోతే నిజం చెప్పొచ్చుగా? టీ తాగడానికి వెళ్ళాను.

తొంభై అయిదు దసరాకి నేను సెలవు మీద వాల్తేరులో ఉన్నాను. తిరిగొస్తూ ఓ ఎండు జమ్మికొమ్మని చీరలో చుట్టి తెచ్చి డొరసామికిచ్చాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను కాబోలు, నా మొహం. తొంభై ఆరు ఆగస్టులో నా వ్యాసం అచ్చయింది, పేపర్లో నా ఫొటో పడింది. ఆ దసరాకి అవోకాలో కమ్యూనిటీ హాలుకి పిలిచారు.

హాలు మధ్యలో ప్లాస్టిక్ బకెట్లో ఇసుక పోసి, అందులో నేను తెచ్చిన ఎండుకొమ్మ గుచ్చారు. నలభై మంది దాని చుట్టూ తిరుగుతున్నారు. పేర్లు రాసిన కాగితాలు కట్టబోతే పుల్ల విరుగుతోందని బకెట్ హ్యాండిల్‌కి కట్టారు. ఒక్క ఆకు లేదు దానికి. బంగారమని చేతిలో పెట్టడానికి ఏమీ లేక చాక్లెట్లు పెట్టుకుంటున్నారు.

డొరసామి నా మెడలో దండ వేసి మైకు పట్టుకున్నాడు. “మన ఇండియా డాక్టరమ్మ ప్రపంచంలో ఎవురికీ తెలీని చెట్టు కనిపెట్టినాది” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చెట్టు ఏదో వాళ్ళలో ఎవరికీ తెలియదని అప్పుడు అర్థమైంది నాకు. కెస్సీ చెప్పలేదు. చూపు ఆయన కోసం వెతికింది.

“ఆయనేరీ?” అని సరస్‌ని మెల్లిగా అడిగాను.

“పొద్దున్నే సెట్టుకాడికి పోయినాడు. ఒక్కడే.”

మైకు నా చేతికిచ్చారు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అది మీ చెట్టే, మీ జమ్మే, నాకంటే నూరేళ్ళ ముందు మీ తాతలు చూశారు అంటే చాలు. మర్నాడే అందరూ ఆ లోయలోకి దిగేవారు. కానీ అప్పుడు, మరి నువ్వేం కనిపెట్టావు అని ఎవరైనా అడిగితే? ఎవరూ అడక్కుండానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. “చాలా సంతోషం” అని కూర్చున్నాను. వడలు పెట్టారు, తిన్నాను.

ఆ తర్వాత ఏడాదికి కెస్సీ రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో నేనే ఉపన్యాసం ఇచ్చాను, ఆయన నైపుణ్యం మీద. అప్పటికి ‘మీరు’ అనడం అలవాటు చేసుకున్నాను. ఆయన నవ్వుతూ విన్నాడు. చక్కెర జబ్బుతో కాలు తీసేశారు. ఆ తర్వాత లోయలోకి దిగలేకపోయాడు. రెండువేల ఒకటిలో పోయాడు. దహనానికి వెళ్ళి వెనక వరుసలో నిలబడి వచ్చేశాను.

రెండువేల ఎనిమిదిలో వేరే దేశం నుంచి ఎవరో ఆ జాతి గింజ కావాలని రాశారు. ఎర్ర అంచు అట్ట తెరిచి, పైమూల పొట్లం విప్పాను. మూడు గింజలున్నాయి. వాటితోపాటు నాలుగు మడతలు పెట్టిన కాగితం, చుట్టూ తెల్లదారం.

విప్పాను. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, బాల్‌పెన్నుతో రాసిన పేర్లు. పైన దసరా 1996 అని ఉంది. తాత పేరు, తండ్రి పేరు, కెస్సీ, సరస్, కొడుకులు, కోడళ్ళు. అందరికన్నా కింద, వాళ్ళింటి మనిషి పేరులా, డాక్టర్ మృదుల.

మేం బకెట్ చుట్టూ తిరిగిన రోజు ఆయన ఒక్కడే లోయలోకి దిగి, ఆ చెట్టుకి చూపించి, మర్నాడు తెచ్చి ఇందులో పెట్టి ఉండాలి. మూల నమూనాని ఎవరూ పారెయ్యరు. నేను కాదన్న చెట్టుని మళ్ళీ ఎవరూ కాదనలేని చోటు అదొక్కటే. ఆ కాగితంలో పేరున్నవాళ్ళ పాపం జమ్మి తీసుకుంటుంది. నాది తీసుకొమ్మని ఆయన చెప్పుకున్నాడు. నేను ఏం చేశానో అన్నీ తెలిసి చెప్పుకున్నాడు. ఆ బల్ల ముందు కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఈసారి బాత్రూములోకి పోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకున్నాను. పత్రికకి నాలుగు లైన్ల సవరణ రాశాను. ఒక చిన్న స్లిప్పు మీద ‘సేకరించినది కెస్సీ నాయుడు. స్థానిక నామం జమ్మి’ అని రాసి, షీటు మీద నా లేబుల్ పక్కన అంటించాను. జిగురు అంచులోంచి బయటికొచ్చి మరక పడింది. ఆయనైతే ఊడదీసి మళ్ళీ అంటించేవాడు.

తర్వాతి ఆదివారం అవోకా వెళ్ళాను. సరస్‌కి డెబ్భై దాటాయి, వరండాలో కూర్చుని మెంతికూర వలుస్తోంది. ఆవిడ కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. నేను కనిపెట్టానన్న చెట్టు మీ చెట్టేనని, ఆయన ఒక్క మాట రాయమంటే రాయలేదని, స్థలం లేదని అబద్ధమాడానని. ఆవిడ ఆకులు వలుస్తూనే వింది.

“తెలుసు” అంది.

“ఎప్పట్నించి?”

“నీ ఫొటో పేపర్లో వొచ్చినాడే ఆయన సెప్పినాడు నాకు.”

“మరి డొరసామి అన్నకి ఎందుకు చెప్పలేదు సరసక్కా? ఆ ఒక్క మాట చెప్తే అందరూ మళ్ళీ చెట్టు దగ్గరికి వచ్చేవాళ్ళు కదా.”

సరస్ కాడలు పక్కకి తోసి, చేతులు చీరకి తుడుచుకుంది.

“నేను సెప్తానన్నా. ఆయనే వొద్దన్నాడు. అంతమందిలో నీకు సిగ్గవుతాదని.”